ట్యూబు నంబరు వేరు, గొంతు కొలత వేరు

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు. టాన్సిల్స్ ఆపరేషన్‌కి ముందు మెడ మీద అల్ట్రాసౌండ్ పెట్టి, గొంతులో వేసే ట్యూబు సైజు చూస్తామన్నారు మత్తు డాక్టరుగారు. వయసును బట్టి లెక్క ఉంటుందని విన్నాం. మరి స్కాన్ దేనికి?

జవాబు: లెక్క ఉంది. వయసును 4తో భాగించి 4 కలిపితే కఫ్ (ట్యూబు కొన దగ్గర చుట్టూ ఉండే, గాలి ఊదే బెలూను) లేని ట్యూబు సైజు, 3.5 కలిపితే కఫ్ ఉన్నదాని సైజు వస్తుంది. మీ బాబుకి 5.5 లేదా 5. అయితే ఆరేళ్ళ పిల్లలందరికీ ఒకే చొక్కా సరిపోదు కదా, గొంతూ అంతే. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి, పుట్టగానే చాలా రోజులు వెంటిలేటర్ మీద గడిపినవాళ్ళకి దారి ఇంకా సన్నగా ఉండొచ్చు.

స్వరతంతువులు దాటగానే క్రికాయిడ్ అనే మృదులాస్థి ఉంటుంది. శ్వాసమార్గంలో ఉంగరంలా పూర్తిగా చుట్టుకుని ఉండేది అదొక్కటే. కిందివన్నీ వెనకవైపు తెరిచి ఉన్న లాడాలు. ఉంగరం సాగదు కనుక పెద్ద ట్యూబు దూరిస్తే లోపలి పొర నలిగి, ట్యూబు తీశాక వాస్తుంది. పసిబిడ్డ దారి 4 మి.మీ. అనుకుందాం. చుట్టూ 1 మి.మీ. వాస్తే మిగిలేది 2 మి.మీ., గాలికి అడ్డు 16 రెట్లు. ట్యూబు చిన్నదైతే మత్తువాయువు పక్కనుంచి కారిపోతుంది, తీసి మరొకటి వేయాల్సి వస్తుంది. ఆ రెండోసారి తప్పించడానికే స్కాన్. నొప్పి లేదు, రేడియేషన్ లేదు.

ప్రశ్న: అనస్థీషియా టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. నాలుగేళ్ళ పాపకి అల్ట్రాసౌండ్‌లో క్రికాయిడ్ దగ్గర దారి వెడల్పు 6.4 మి.మీ. వచ్చింది. నేను 6 నంబరు ట్యూబు తీసిపెడితే సీనియర్ పక్కన పెట్టేశారు. ఎందుకు?

జవాబు: ట్యూబు మీది నంబరు లోపలి వ్యాసం. మీరు కొలిచింది దాని బయటి గోడ ఇమడాల్సిన జాగా. 6 నంబరు ట్యూబు బయటి వ్యాసం దాదాపు 8 మి.మీ. ఆ పాపకి 4.5 తీయాలి, దాని బయటి వ్యాసం 6కి కాస్త ఎక్కువ. ఈ అంకె కంపెనీని బట్టి మారుతుంది, ట్యూబు మీదే అచ్చు వేసి ఉంటుంది, చదివి తీయండి. కఫ్ ఉన్నదైతే ముడుచుకున్న కఫ్ మందం కూడా చేరుతుంది, పక్కన 4 సిద్ధంగా ఉంచుకోండి.

ఇక కొలిచే పద్ధతి. మెడ కొంచెం వెనక్కి వాల్చి, లీనియర్ ప్రోబ్‌ను (తిన్నని అంచు ఉన్న స్కాన్ పరికరం) అడ్డంగా పెట్టండి. ముందు స్వరతంతువులు పట్టుకుని, అక్కడినుంచి కిందికి జారండి. నల్లటి విల్లులా క్రికాయిడ్, దాని కింద తెల్లగా మెరిసే గాలి గీత కనపడగానే ఆగండి. ఆ గాలికి కుడి, ఎడమ అంచుల మధ్య దూరమే మీకు కావలసింది. గాలిని దాటి అల్ట్రాసౌండ్ పోదు కాబట్టి ముందు–వెనక కొలత దొరకదు. అదృష్టవశాత్తూ అక్కడి దారి గుడ్డు ఆకారం, అడ్డం కొలతే సన్నది.

ఎక్కువ పొరపాట్లు మట్టం దగ్గరే. ఇంకాస్త కిందికి జారితే మీరు కొలిచేది శ్వాసనాళాన్ని, అది వెడల్పు, ట్యూబు పెద్దదైపోతుంది. జెల్ ధారాళంగా వేసి చెయ్యి తేలిగ్గా ఉంచండి, గట్టిగా నొక్కితే పసిమెడలో ఆకారమే మారిపోతుంది. మాస్కుతో గాలి కొడుతుండగా కొలవొద్దు, ఒత్తిడికి దారి ఉబ్బుతుంది.

ఎంత బాగా కొలిచినా ఆఖరి మాట లీక్ పరీక్షదే. కఫ్ ఊదకుండా, సుమారు 20 సెం.మీ. నీటి పీడనం దగ్గర నోటినుంచి సన్నగా గాలి చప్పుడు రావాలి. 25 దాటినా రాకపోతే అర సైజు తగ్గించాలి. 10 లోపే బుసకొడితే ట్యూబు చిన్నది. కఫ్ ఊదాక పీడనం 20 దాటకుండా మానోమీటరుతో (పీడనం కొలిచే పరికరం) చూడండి, బయట వేలాడే చిన్న బెలూను వేళ్ళతో నొక్కి ‘సరిపోయింది’ అనేవాళ్ళ మాట వినకండి.

ప్రశ్న: నాన్నగారికి ఊపిరితిత్తి ఆపరేషన్. రెండు ఊపిరితిత్తులకీ విడివిడిగా గాలి పంపే రెండు దారుల ట్యూబు వేస్తారట, సైజు కోసం పాత సీటీ అడుగుతున్నారు. ఆయన ఎత్తు చూస్తే చాలదా?

జవాబు: ఎత్తు ఒక అంచనా, అంతే. పొడగరులకీ శ్వాసనాళం సన్నగా ఉండొచ్చు. ఈ ట్యూబులు పెద్దవాళ్ళకి 35, 37, 39, 41 ఫ్రెంచ్ సైజుల్లో వస్తాయి (3 ఫ్రెంచ్ అంటే 1 మి.మీ.). ఛాతీ ఎక్స్‌రేలో కాలర్ ఎముకల మట్టాన శ్వాసనాళం వెడల్పు 18 మి.మీ. ఉంటే 41, 16 ఉంటే 39, 15 ఉంటే 37, 14 ఉంటే 35 అని ఒక పాత లెక్క. సీటీ ఇంకా మేలు, ట్యూబు కొన కూర్చునే శ్వాసనాళపు ఎడమ శాఖనే నేరుగా కొలవొచ్చు. ఆ శాఖ ఏటవాలుగా పోతుంది కనుక అడ్డకోతలో సాగిన గుండ్రంలా కనిపిస్తుంది, అందులో పొట్టి వ్యాసమే అసలుది. కొన దానికంటే 1–2 మి.మీ. సన్నగా ఉండాలి. పెద్దదైతే శాఖ చిరగొచ్చు. మరీ చిన్నదైతే లోపలికి జారి పైభాగానికి గాలి ఆపేస్తుంది, కఫ్‌లో 3 మి.లీ. మించి గాలి పోయాల్సి వస్తుంది.

ప్రశ్న: ట్యూబు సైజు కోసమే సీటీ తీయించాలా?

జవాబు: వద్దు. వేరే కారణానికి తీసింది ఉంటే ఫిల్మ్‌తో సరిపెట్టక సీడీ కూడా పట్టుకెళ్ళండి. ఫిల్మ్ మీద బొమ్మ కుదించి అచ్చవుతుంది, కంప్యూటర్లో అసలు మి.మీ. కొలవొచ్చు.