కాశీకి మీరు, సూదికి ఎవరు?

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మా పిల్లి లడ్డుకి 11 ఏళ్ళు. 14 నెలల క్రితం షుగర్ అని తేలింది. ఉదయం ఏడింటికి, రాత్రి ఏడింటికి రెండేసి యూనిట్ల గ్లార్జిన్ ఇన్సులిన్ నేనే చేస్తున్నాను. అప్పటినుంచి ఒక్క రాత్రి కూడా ఊరు దాటలేదు. ఈ కార్తీకంలో మా అత్తగారు (74) కాశీ వెళ్దామంటున్నారు. మామగారికి పిండప్రదానం చేయాలి, తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలి. రానూపోనూ 12 రోజులు. నేను రానంటే మా వారు ‘కాశీలో ఇష్టమైనది వదిలేయాలిగా, నువ్వు ఇక్కడే పిల్లిని వదిలెయ్’ అన్నారు. పోనీ వెంట తీసుకెళ్దామంటే, పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఉందని అత్తగారు నవ్వారు. ఒకసారి మా వారు సూది పట్టుకుంటే, ఆ పట్టుకోవడం చూసి భయమేసి లాక్కున్నాను. పక్క ఫ్లాట్ మామ్మగారు వాళ్ళాయనకి రోజూ ఇన్సులిన్ చేస్తారు కానీ అడగడానికి మొహమాటం. మా అక్క కొడుకు మద్దిలపాలెంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. అత్తగారు నొచ్చుకోకుండా రాలేనని ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మా, రాలేనని ఎలా చెప్పాలో నేను చెప్పను. మీరు వెళ్ళగలరు కాబట్టి.

మీ ఉత్తరంలో నేను మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివిన వాక్యం అత్తగారిది కాదు, మీ వారిదీ కాదు. ‘భయమేసి లాక్కున్నాను’ అన్నది. ఆ రోజు ఆయన చెయ్యి వణికే ఉంటుంది. మొదటి రోజు మీ చెయ్యి వణకలేదా? 14 నెలలు అంటే సుమారు 850 సూదులు. అన్నీ మీరే చేశారు. అంత చేసిన మనిషికి ఇంకొకరి చేతిలో సూది చూస్తే గుండె ఆగినట్టు ఉండటం సహజమే. కానీ ఆ రోజు నుంచి ఆ ఇంట్లో లడ్డు మీ ఒక్కరిదైంది. మిగతా ఇద్దరికీ అది మీరు ప్రయాణాలు మానేయడానికి చెప్పే కారణంగా మాత్రమే మిగిలింది. మీ వారి మాట ముల్లే, కాదనను. అలా అనకుండా ఉండాల్సింది. ఆ సంగతి ఆయనకి చెప్పండి కూడా. అన్నట్టు, కాశీలో వదిలేయాల్సింది కాయో పండో. మా పెద్దమ్మ కాకరకాయ వదిలేసి వచ్చింది. ఆవిడ అంతకుముందు కూడా కాకరకాయ తిన్నది లేదు.

అత్తగారికి మీరు చెప్పవలసింది ఇంతే: ‘వస్తానత్తయ్యా. కాకపోతే రెండు పూటలా ఏడింటికి అయిదు నిమిషాలు నా ఫోన్ చూసుకుంటాను, అప్పుడు ఏమీ అనకండి.’ దశాశ్వమేధ ఘాట్‌లో సాయంత్రం గంగాహారతి దాదాపు అదే వేళకి. హారతి మధ్యలో మీ చూపు ఫోన్ మీద ఉంటుందని ఆవిడకి ముందే తెలిస్తే నొచ్చుకోరు. అప్పటికప్పుడు చూస్తేనే నొచ్చుకుంటారు.

ఇక లడ్డు సంగతి. పిల్లిని రైలెక్కించి కాశీ దాకా తీసుకెళ్ళడం అత్తగారు నవ్వినందుకు కాదు, లడ్డు కోసమే వద్దు. కొత్త చోట పిల్లి మంచం కిందకి దూరుతుంది, తిండి మానేస్తుంది. బెదిరితేనే దాని షుగర్ పెరుగుతుంది. పెంపుడు జంతువులను ఉంచుకునే చోట్ల కూడా ఇదే చిక్కు, పక్క గదిలో కుక్కలు మొరుగుతుంటే మరీను. ఇంట్లో చూసే మనిషి దొరక్కపోతే లడ్డుని చూసే డాక్టర్ క్లినిక్‌లోనే ఉంచాలి. అప్పుడు ఫీజు కంటే ముందు అడగాల్సిన మాట ఒకటుంది: రాత్రిపూట అక్కడ ఎవరుంటారు?

మీ అక్క కొడుకు పిల్లిని ముద్దు చేస్తాడేమో. ఉదయం ఏడింటికి హాస్టల్ కుర్రాడు లేస్తాడా? మీకు కావలసింది ముద్దు చేసే మనిషి కాదు, రోజూ ఒకే వేళకి తలుపు తీసే మనిషి. ఆ లెక్కన మామ్మగారే సరైనవారు. వాళ్ళాయన సూది వేళ ఆవిడ ఒంట్లో గడియారంలా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే మీ ఇల్లు.

కానీ ఆవిడకి సూది చేయడం వచ్చు అన్నదాంట్లోనే ఒక ప్రమాదం ఉంది. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. మన దగ్గర మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి. వాటి సిరంజికి ఎర్ర మూత. లడ్డుకి చేసే గ్లార్జిన్ మిల్లీలీటరుకి 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజ రంగు మూత. మామ్మగారు అలవాటుగా తాతగారి ఎర్ర మూత సిరంజి తీసి, లడ్డు సీసాలోంచి ‘2’ గీత దాకా లాగారనుకోండి. లోపలికి వెళ్ళేది రెండు కాదు, అయిదు యూనిట్లు. మనిషికి అది పెద్ద లెక్క కాకపోవచ్చు. నాలుగైదు కిలోల పిల్లికి ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఆ సీసా, ఆ సిరంజిలు మీ ఫ్రిజ్‌లోనే, ఒకే డబ్బాలో ఉండాలి. ఆవిడ తన ఇంటినుంచి ఏదీ తేకూడదు. ఆ రెండు గీతలు కనపడాలంటే ఆవిడ కళ్ళజోడు పెట్టుకోవాలి. మొహమాటపడకుండా మీ ఎదురుగా ఒకసారి లాగించి చూడండి. వాడిన సూదులు వేయడానికి మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ సీసా ఒకటి పెట్టండి. చెత్త ఎత్తే అమ్మాయి చేతికి గుచ్చుకోకూడదు.

ఇంకో చిక్కు మీరు రాయలేదు కానీ నాకు తోచింది. ఇది కార్తీకం. మామ్మగారు నీసు ముట్టకపోవచ్చు. లడ్డు తినేది చేపో, చికెనో, ప్యాకెట్ తిండో. ‘ఈ నెల్రోజులూ పెరుగన్నం పెట్టేస్తాలే’ అని ఆవిడ ప్రేమగానే అనొచ్చు. ఒప్పుకోకండి. అన్నంతో షుగర్ ఎగబాకుతుంది. పైగా మీ డాక్టర్ ఆ రెండు యూనిట్లు నిర్ణయించింది ఇప్పుడు తింటున్న తిండిని బట్టి. తిండి మారితే ఆ లెక్కంతా మారిపోతుంది. వాచ్‌మన్ భార్యకి డబ్బులిచ్చి గిన్నెలో తిండి పెట్టే పని, మట్టి తొట్టి మార్చే పని అప్పగించండి. సూది మామ్మగారిది. కాకపోతే సూది చేసే మనిషే గిన్నె చూడాలి. ముట్టుకోనక్కర్లేదు, చూస్తే చాలు. తింటోందా? అయితే తింటుండగానే మెడ వెనక వదులు చర్మం పట్టుకుని చేసేయడమే. తినలేదా? సూది ఆపి డాక్టర్‌కి ఫోన్. ఫోన్ కలవకపోతే ఆ పూటకి మానేయడమే మేలు. ఒక పూట సూది తప్పితే కాస్త షుగర్ పెరుగుతుంది. ఖాళీ కడుపు మీద సూది పడితే అది వేరే సంగతి. రోజంతా తినకపోయినా, వాంతులు చేసుకుంటున్నా మీకు ఫోన్ చేయడం కూడా తర్వాత, ముందు ఆసుపత్రి.

సూది సరిగ్గా దిగిందో లేదో, మందు బొచ్చు మీద పడిపోయిందో అని అనుమానం వస్తే? రెండోసారి చేయకూడదు. ఇది కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా ఇంట్లో జరిగింది. నేను విజయనగరంలో పెళ్ళికి వెళ్ళిన రోజు అమ్మకి తమ్ముడు ఏడింటికి ఇన్సులిన్ చేసి బజారుకెళ్ళాడు. గుడినుంచి వచ్చిన మరదలు, ఎవరూ చేయలేదనుకుని మళ్ళీ చేసింది. పదకొండింటికి అమ్మ ఒళ్ళంతా చెమట, పొంతన లేని మాటలు. పంచదార నీళ్ళు తాగించి ఆసుపత్రికి పరిగెత్తారు. ఇద్దరూ ప్రేమగా చూసుకునేవాళ్ళే. అదే గొడవ. ఆ తర్వాత మా ఇంట్లో తిథుల క్యాలెండర్‌కి దారంతో పెన్ను కట్టాం. సూది చేయగానే ఆ తేదీ గడిలో టిక్కు. టిక్కు ఉంటే ఇంకెవరూ సిరంజి ముట్టకూడదు. మీరూ అంతే చేయండి. రోజుకి రెండు టిక్కులు. గిన్నె, క్యాలెండర్ కలిపి ఒక ఫొటో తీసి మామ్మగారి మనవరాలి చేత వాట్సాప్‌లో పెట్టించండి. మీరు ఫోన్ చేసి ‘తిందా, పడుకుందా, నన్ను వెతుకుతోందా’ అని ఆరా తీయకండి. మూడో రోజుకి ఆవిడ విసిగిపోతారు.

షుగర్ పడిపోతే ఎలా ఉంటుందో ఆవిడకి సగం తెలుసు, తాతగారి దగ్గర చూసే ఉంటారు. పిల్లిలో అయితే తూలుతూ నడవడం, వణుకు, పిలిస్తే పలక్కుండా శూన్యంలోకి చూడటం, ముదిరితే ఫిట్స్. తేనె వేలితో చిగుళ్ళకి రాయాలి. స్పృహ లేనప్పుడు నోట్లో పొయ్యకూడదు. రాసి, బుట్టలో పెట్టుకుని డాక్టర్ దగ్గరకి. తేనె సీసా, పిల్లి బుట్ట, ఆటో డబ్బులు ఒకే చోట, తలుపు పక్కన. చెవి గుచ్చి షుగర్ చూసే పని మాత్రం డాక్టర్ తప్పనిసరి అంటే తప్ప ఆవిడ నెత్తిన పెట్టకండి. వెళ్ళడానికి రెండు వారాల ముందు డాక్టర్‌కి ఒకసారి చూపించండి. చివరి వారంలో డోసు మార్చే పరిస్థితి రాకుండా ఉంటుంది.

ఇక మొహమాటం. మీరనుకుంటున్నారు, ఆవిడ ‘పిల్లికి సూదేమిటి’ అంటారని. నాకలా అనిపించడం లేదు. ఇలాంటి పనికి మనవాళ్ళు వెనకాడేది ఒకే భయంతో: ‘నా చేతిలో ఏమైనా అయితే?’ పిల్లి చస్తే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని వింటూ పెరిగిన తరం ఆవిడది. ఆ భయం ఆవిడ పైకి అనరు. మోకాళ్ళ నొప్పులనో, మనవరాలి పరీక్షలనో చెబుతారు. కాబట్టి మీరే ముందు అనండి: ‘మామ్మగారూ, దీనికి 11 ఏళ్ళు. మేం లేనప్పుడు ఏదైనా జరగొచ్చు. జరిగితే అది మీవల్ల కాదు. నన్ను అడగకుండానే డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళండి, ఖర్చుకి ఇదిగో.’ ఇదే మాట కాగితం మీద రాసి, సంతకం పెట్టి డాక్టర్‌కి కూడా ఇవ్వండి, ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో కూడా రాసి. కొంత అడ్వాన్స్ కట్టండి. మరీ చెడు జరిగితే కాశీలో ఉండగానే మీకు చెప్పాలా, వచ్చాక చెప్పాలా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. నేనైతే వెంటనే చెప్పమంటాను. దాచారని తర్వాత తెలిస్తే ఆ పక్కింటితో మాటలు ఉండవు. మామ్మగారికి డబ్బు ఇవ్వబోకండి, చిన్నబుచ్చుకుంటారు. గంగ చెంబు, కాశీదారాలు, తాతగారికి ఒక శాలువా తెస్తే సరిపోతుంది.

కార్తీకం అంటే మనకి తుపాన్ల కాలం కూడా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటిది వస్తే ఫ్రిజ్ ఆగిందని ఇన్సులిన్ పారేయనక్కర్లేదు. వాడుతున్న గ్లార్జిన్ సీసా 30 డిగ్రీలు దాటని చల్లని చోట 28 రోజుల వరకు పనికొస్తుంది. తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెడితే చాలు. ఐస్‌కి తగలకూడదు, గడ్డకడితే పనికిరాదు. కొత్త సీసా ఒకటి అదనంగా కొని పెట్టండి.

ఇదంతా నేరుగా కాశీతో మొదలుపెట్టకండి. వచ్చే వారం శని, ఆదివారాలు మీరూ మీ వారూ అరకు వెళ్ళి రండి. రైల్లోనే వెళ్ళండి. ఆ సొరంగాల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, మీకు కాస్త అలవాటవుతుంది. లడ్డు ఆ ఒక్క రాత్రీ మామ్మగారి ఎదుట తిని సూది చేయించుకుంటే, ఆ తర్వాత మూడు పూటలు మీరు ఇంట్లో ఉండి కూడా వేరే గదిలో కూర్చోండి, ఆవిడే చేస్తారు. అప్పటికీ తిండి ముట్టకపోతే రెండో దారి: అత్తగారూ మీ వారూ ముందు వెళ్తారు, పిండప్రదానం నాటికి మీరు మూడు రోజులకోసం వెళ్ళొస్తారు, ఆ మూడు రోజులూ లడ్డు క్లినిక్‌లో. ఈ రెండో దారి సంగతి కూడా అత్తగారికి టిక్కెట్లు తీయకముందే చెప్పండి.

మీ వారికి సూది ఈ రాత్రే నేర్పండి. ఆయన కూడా మీతో వచ్చేస్తారు కాబట్టి ఈ ప్రయాణానికి పనికిరాదనుకోకండి. బత్తాయిపండు ఒకటి, సిరంజిలో నీళ్ళు. నాలుగుసార్లు గుచ్చాక లడ్డు దగ్గర కూర్చోబెట్టండి, పక్కనే ఉండండి, చేతులు మాత్రం వెనక్కి పెట్టుకోండి. ఆ తర్వాత మామ్మగారిని అడగడానికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. మాట ఆయన్నే మొదలుపెట్టమనండి.