సూపర్ బౌల్ ఒక్క పందెంతో పోయిన 6,800 డాలర్లు రాబట్టుకోవచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. నేను, నా భార్య ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. ఇల్లు కొనడానికి డౌన్ పేమెంట్ కోసం 52,000 డాలర్లు దాచాం. 2025 సెప్టెంబర్‌లో ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) సీజన్ మొదలైనప్పుడు ఫ్రెండ్స్‌తో పాటు సరదాగా యాప్‌లో బెట్టింగ్ మొదలుపెట్టాను. డిసెంబర్ 31 నాటికి గెలిచిన పందేల మీద 9,200 వచ్చాయి, ఓడినవాటిలో 16,000 పోయాయి. అంటే 6,800 నష్టం. నా భార్యకు తెలియదు. 2026 ఫిబ్రవరి 8న సాంటా క్లారాలో ఆ లీగ్ ఫైనల్, సూపర్ బౌల్ ఉంది. ఫైనల్‌కి ఎవరొచ్చినా సరే, ఫేవరెట్ (గెలుస్తుందని బుకీలు అంచనా వేసే జట్టు) మీద 7,500 పెడితే 6,800 తిరిగొచ్చేస్తుంది, లెక్క సరిపోతుంది. ఆ తర్వాత జన్మలో ఆ యాప్ ముట్టుకోను. ఈ ఒక్కసారికి ఇంటి డబ్బులోంచి తీయొచ్చా?

జవాబు: తీయొద్దు. 7,500 కాదు, 75 డాలర్లు కూడా తీయొద్దు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ఏ జట్టు బాగా ఆడుతోంది, ఎందుకు గెలుస్తుందనుకుంటున్నారు అన్న మాట ఒక్కటీ లేదు, ఇంకా ఏ జట్లు వస్తాయో కూడా తెలియకుండానే ఎంత పెట్టాలో మాత్రం డాలర్‌తో సహా లెక్క వేసేశారు. అంటే మీరు ఆట మీద పందెం కట్టడం లేదు, పోయిన డబ్బును ఎవరో మీకు బాకీ ఉన్నట్టు, ఆ బాకీ వసూలు చేసుకోవడానికి ఫిబ్రవరి 8 ఆఖరి తేదీ అన్నట్టు చూస్తున్నారు. ఆ 6,800 మీకు ఎవరూ బాకీ లేరండీ. అది ఖర్చయిపోయింది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది 52,000, దాన్ని ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

సరే, మీ లెక్కే చూద్దాం. 110 పెడితే 100 గెలిచే మామూలు రేటు ప్రకారం 7,500కి 6,818 వస్తుంది, అక్కడిదాకా మీరు వేసింది కరెక్టే. కానీ బుకీలు స్ప్రెడ్ (ఫేవరెట్ ఎన్ని పాయింట్ల తేడాతో గెలవాలన్న హద్దు) పెట్టేదే రెండువైపులా గెలిచే అవకాశం దాదాపు సగం సగం ఉండేలా. నాణెం ఎగరేసినట్టే అనుకోండి. బొమ్మ పడితే 6,818 వస్తుంది, బొరుసు పడితే 7,500 పోతుంది, రెండూ సమానం కావు చూశారా? ఇలాంటి పందెం పదేపదే కడితే సగటున ఒక్కోదానికి 341 డాలర్లు వాళ్ల జేబులోకి వెళ్తాయి. ఈ రేటులో నష్టం లేకుండా బయటపడాలంటేనే వందకు 52 పైచిలుకు పందేలు గెలవాలి. సంక్రాంతికి భీమవరం వైపు బరుల్లో ఏ పుంజు గెలిచినా బరి నడిపేవాడి కమిషన్ వాడికి ముడుతుంది కదా, ఇక్కడా అంతే, కాకపోతే ఇక్కడ కమిషన్ రేటులోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు.

ఫేవరెట్ అయితే సేఫ్ అనుకుంటున్నారు. 2023లో ఈగల్స్ ఫేవరెట్, చీఫ్స్ 38-35తో గెలిచారు. 2024లో ఫార్టీనైనర్స్ ఫేవరెట్, ఓవర్‌టైమ్‌లో మళ్ళీ చీఫ్స్ 25-22. 2025లో ఈసారి చీఫ్స్ ఫేవరెట్ అయితే ఈగల్స్ వాళ్లని 40-22తో చితక్కొట్టారు. వరసగా మూడేళ్లు ఫేవరెట్ ఓడింది. అయితే ఓడిపోతుందన్న జట్టు మీదే పెడదాం అనుకునేరు, అదీ కాదు నేను చెప్పేది, మూడు ఆటలతో ఏదీ తేలదు. 2008లో పేట్రియాట్స్ ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా, 12 పాయింట్ల ఫేవరెట్‌గా ఫైనల్‌కి వచ్చి జెయింట్స్ చేతిలో 17-14తో ఓడారు. అంతకంటే ఖాయం అనిపించే ఆట ఇంకేముంటుంది? నెవాడా రాష్ట్రం సూపర్ బౌల్ పందేల లెక్కలు ఏటా బయటపెడుతుంది. 1991 నుంచి 2025 దాకా అక్కడి బుకీలు మొత్తం మీద నష్టపోయిన సూపర్ బౌల్స్ రెండే రెండు, 1995ది, ఈ 2008ది. మిగిలిన ప్రతి ఏడూ జనం దగ్గర్నుంచే డబ్బు వాళ్లకు వెళ్లింది.

మీ పందేల్లో ఎక్కువ భాగం పార్లేలు, అంటే కొన్ని పందేలు కలిపి ఒకటిగా కట్టేవి, అయి ఉంటాయని నా అనుమానం, ఎందుకంటే నాలుగు నెలల్లో ఇంత పోవడం సాధారణంగా వాటితోనే జరుగుతుంది. నాలుగు పందేలు కలిపి కట్టి నాలుగూ గెలిస్తే, సగం సగం అవకాశాల లెక్కన 100కి న్యాయంగా 1,600 చేతికి రావాలి, వాళ్లు ఇచ్చేది 1,328. కోత 17 శాతం. ఒకే ఆటలోని నాలుగు పందేలు కలిపితే రేటు మొత్తం వాళ్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి కోత ఇంకా పెరుగుతుంది. స్క్రీన్ మీద పెద్ద అంకె చూపించేదే అందుకు.

ఇక మీరు అసలు ఆలోచించని విషయం, నాకు టెన్షన్ పుట్టించిన విషయం పన్ను. మీ దృష్టిలో మీకు 6,800 నష్టం. ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) దృష్టిలో మాత్రం 2025లో మీకు 9,200 ఆదాయం వచ్చింది. యాప్ నుంచి ఫారం వచ్చినా రాకపోయినా అది రిటర్న్‌లో చూపించాల్సిందే. ఓడిన డబ్బు గెలిచినదాని మేరకు తీసేసుకోవచ్చు, కానీ స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపకుండానే దొరికే మినహాయింపు) వదులుకుని ఖర్చులన్నీ విడివిడిగా చూపించేవాళ్లకే ఆ వెసులుబాటు. 2025కి భార్యాభర్తల ఉమ్మడి స్టాండర్డ్ డిడక్షన్ 31,500. మీరు అద్దె ఇంట్లో ఉన్నారు, ఇంటి లోన్ వడ్డీ లేదు, రాష్ట్ర పన్ను కలిపినా విడివిడి ఖర్చులు అంత దాటడం కష్టం. ఇద్దరి జీతాలతో మీరు 22 శాతం స్లాబులో ఉన్నారనుకుంటే ఆ 9,200 మీద ఫెడరల్ పన్నే 2,024 డాలర్లు. అంటే మీ అసలు నష్టం ఇప్పటికే 8,800 దాటింది.

పోనీ ఫిబ్రవరి 8న మీ పందెం గెలిచిందనుకుందాం. ఆ 6,818 అనేది 2026 ఆదాయం. 2025లో పోయిన డబ్బును 2026 గెలుపులోంచి తీసేయడం కుదరదు, ఏ ఏడాది నష్టం ఆ ఏడాదికే. పైగా 2026 నుంచి విడివిడిగా ఖర్చులు చూపించేవాళ్లకి కూడా ఓడిన డబ్బులో 90 శాతమే లెక్కలోకి వస్తుంది. కాబట్టి 22 శాతం లెక్కన గెలిచిన దాంట్లో 1,500 పన్నుకు పోతుంది, న్యూజెర్సీ పన్ను వేరే. మీరు ఎంతో కష్టపడి రాసుకున్న "లెక్క సరి" అన్నది గెలిచినా సరి కాదు. ఓడితే మాత్రం 6,800కి 7,500 కలిసి 14,300 అవుతుంది, పైన ఆ పన్ను. అప్పుడు ఆగుతారా? ఇవాళ 6,800 కోసం 7,500 తీయాలనిపించిన మనసుకి, ఆ రోజు 14,300 కోసం ఎంత తీయాలనిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. మా పెదనాన్న కొడుకు ఐపీఎల్ పందేల్లో అచ్చం ఈ మాటే అన్నాడు, ఈ ఫైనల్ ఒక్కటే అన్నయ్యా అని. అరెకరం పొలం అమ్మాకే ఇంట్లో తెలిసింది. వాడు చెడ్డవాడు కాదు, మీరూ కాదు.

క్రెడిట్ కార్డుతో యాప్‌లో డబ్బు వేశారా? వేసుంటే ఆ స్టేట్‌మెంట్ వెంటనే చూడండి, చాలా బ్యాంకులు దాన్ని క్యాష్ అడ్వాన్స్ కింద రాసి ఫీజుతో పాటు మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తాయి. అది ముందు కట్టేయండి. ఇంటి డబ్బున్న సేవింగ్స్ అకౌంట్‌కీ యాప్‌కీ లింక్ ఉంటే ఈ రాత్రికే తీసేయండి. తర్వాత న్యూజెర్సీ డివిజన్ ఆఫ్ గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వెబ్‌సైట్‌లో సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అని ఉంటుంది, ఏడాదికో ఐదేళ్లకో మీ పేరు మీరే రాసుకుంటే రాష్ట్రంలోని లైసెన్సు ఉన్న యాప్‌లేవీ మీ పందెం తీసుకోవు. యాప్ డిలీట్ చేస్తే చాలదా అంటారేమో, చాలదు, మళ్ళీ వేసుకోవడానికి అర నిమిషం పడుతుంది. ఆటకు ముందే ఈ పని పూర్తవ్వాలి. రాత్రిళ్లు నిద్ర పట్టకుండా దీని గురించే ఆలోచిస్తుంటే 1-800-GAMBLER నంబర్‌కి ఫోన్ చేయండి, ఇరవైనాలుగు గంటలూ పలుకుతారు, పేరు చెప్పక్కర్లేదు.

6,800 తిరిగి రావడానికి దారి ఉంది, మీరే చూపించారు. నాలుగు నెలల్లో 6,800 అంటే నెలకు 1,700 చొప్పున మీ జీతంలోంచి బయటకు వెళ్లింది, దానికోసం మీరు అద్దె ఎగ్గొట్టలేదు, పస్తులుండలేదు. అదే 1,700 ఫిబ్రవరి నుంచి జీతం పడిన రోజే ఇంటి అకౌంట్‌లోకి వెళ్లేలా ఆటోమేటిక్‌గా పెట్టండి. మే నెల జీతంతో 6,800 పూర్తవుతుంది. ఇందులో సగం సగం అవకాశం లాంటిదేమీ లేదు. పన్ను కోసం ఇంకో రెండు నెలలు పడుతుంది, పట్టనివ్వండి.

మామూలుగా నా దగ్గరకు వచ్చేవాళ్లు సూపర్ బౌల్ పార్టీలో ఫ్రెండ్స్ వేసుకునే గళ్ల ఆటలో 20 డాలర్లు పెడతామంటే నేను అడ్డు చెప్పను, అది సినిమా టికెట్టు ఖర్చు లాంటిది. మీకు మాత్రం ఈ ఏడాది అది కూడా వద్దంటున్నాను. ఇండియా నుంచి ఎవరైనా నా తరఫున నువ్వు కట్టు, డబ్బు పంపిస్తానంటే దానికీ ఒప్పుకోవద్దు, అక్కడి ఫెమా (విదేశీ మారక చట్టం) రూల్స్‌లో లాటరీలకీ ఫుట్‌బాల్ పూల్స్‌కీ డబ్బు బయటకు పంపడమే నిషేధం. స్టూడెంట్ వీసా మీద ఉన్న ఫ్రెండ్స్ మీ గ్రూపులో ఉంటే వాళ్లకీ చెప్పండి, వాళ్లలో చాలామంది పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్లు, గెలిచినదాని మీద 30 శాతం పన్ను, ఓడింది తీసేసుకునే వీలే లేదు.

చివరిగా మీ భార్య సంగతి. ఆవిడకు తెలియకుండా సరిచేసేద్దామనే ఈ 7,500 ఆలోచన వచ్చిందని నాకు అర్థమైంది. కానీ ఏప్రిల్ 15 లోపు వేసే ఉమ్మడి రిటర్న్ మీద ఆవిడ సంతకం కూడా ఉండాలి, అందులో 9,200 జూద ఆదాయం అని ఒక లైను ఉంటుంది. ఆ లైను చూసి ఆవిడ మిమ్మల్ని అడగడం కంటే ముందే మీరు చెప్పడం నయం. యాప్‌లో 2025 గెలుపోటముల స్టేట్‌మెంట్ దొరుకుతుంది, ప్రింట్ తీయండి. 52,000 అలాగే ఉన్న అకౌంట్ పేజీ ఇంకో పక్కన పెట్టండి. ఇవాళ చెప్తే ఇల్లు పన్నుతో కలిపి ఆరు నెలలు వెనక్కి వెళ్లిందని చెప్పగలరు, ఫిబ్రవరి 9న ఏం చెప్పాల్సి వస్తుందో మీకే తెలియదు. ఈ శనివారం ఆవిడతో కూర్చోండి. తర్వాత ఇద్దరూ కలిసి నాకు రాయండి, రిటర్న్ ఎలా వేయాలో, డౌన్ పేమెంట్ డబ్బు ఎక్కడ ఉంచాలో అప్పుడు చూద్దాం.