బొగ్గు గని దుమ్ముతో ఊపిరి పాడైతే పరిహారం ఎంత, నష్టం ఎంత?

అడిగింది: "మాది కల్వకుర్తి. మా అన్నకు 40 ఏళ్లు, బొగ్గు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు డ్రిల్లింగ్ పని, జీతం 22 వేలు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మీద మచ్చలున్నయన్నరు. పరిహారం ఎంతొస్తది?"

పూర్తిగా పనికి పనికిరాకుండా పోతే జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చవేస్తారు. 40 ఏళ్లకది 184.17. కానీ 2020 జనవరిలో పెట్టిన పరిమితి ప్రకారం లెక్కకు తీసుకునే జీతం 15 వేలు దాటదు, అంటే మీ అన్న జీతంలో 7 వేలు అక్కడే పాయె. 9,000 × 184.17 = 16,57,530. దుమ్ము జబ్బుకు నూరు శాతం రాసిచ్చే డాక్టర్లు తక్కువ. సంపాదన శక్తి 40 శాతం పోయిందని రాస్తే వచ్చేది 6,63,012. ఇదే మనిషి 60 ఏళ్ల దాకా చేస్తే వచ్చే జీతం 52,80,000. ఆ తేడా ఇంటి మీదే. దవాఖానకని 2 లక్షలు నూటికి 3 రూపాయల మిత్తికి తెస్తే నెలకు 6 వేలు దానికే. ఆ మిత్తిని ఏ ఫారం అడగదు.

కేసు చెడేది ఎక్కువగా ఓపీ చీటీ దగ్గరే. ఊపిరితిత్తుల పైభాగంలో మచ్చలు కనబడితే తెమడ పరీక్షలో ఏమీ రాకున్నా టీబీ అని 6 నెలల మందులిస్తారు. "డ్రిల్లింగ్ దుమ్ములో ఇన్నేళ్లు పని" అని చీటీలో రాయించుకోండి. ఎక్స్‌రేతో పాటు ఊపిరి ఊది చూసే స్పైరోమెట్రీ చేయించండి. సిలికా దుమ్ము (రాతి నుంచి లేచే సన్న దుమ్ము) పట్టినవాళ్లకు టీబీ నిజంగానే తొందరగా వస్తది, అందుకని మొదలుపెట్టిన మందులు ఆపొద్దు.

పనిలో చేరేటప్పుడు తీసిన ఎక్స్‌రే నకలు, గేట్ పాస్ రెండు వైపులా ఫొటో, పీఎఫ్ పాస్‌బుక్ ఇప్పుడే దాచుకోండి. కాంట్రాక్టర్ మారితే రికార్డు దొరకదు. ఇంకా పనికి పోతుంటే దస్తీ కట్టుకున్నా ఆ సన్న దుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు, బెజ్జం వేసేటప్పుడు నీళ్లు ఉండాల్సిందే.

నోటీసు కాంట్రాక్టర్‌కే కాదు, గని యాజమాన్యానికీ పంపండి. కాంట్రాక్టు కూలీ పరిహారానికి అసలు యజమానీ బాధ్యుడే. కేసు మీరుండే ప్రాంతంలోనే వేయొచ్చు, బొగ్గు గనులుండే గోదావరిఖని దాకా తిరగక్కర్లేదు. మేస్త్రీ లక్ష చేతిలో పెట్టి కాగితం మీద వేలిముద్ర తీసుకున్నా, హక్కు వదులుకున్నట్టు రాసిన ఆ మాట చట్టం ముందు చెల్లదు.