వేలూరు కోర్టులో వాదించాలంటే మళ్ళీ ఎన్‌రోల్ కావాలా? – సమాధానం

తమ్ముడూ, చిత్తూరులో ప్రాక్టీస్ చేస్తూ వేలూరు కేసుల కోసం తమిళనాడు బార్ కౌన్సిల్‌లో (లాయర్లను నమోదు చేసే సంస్థ) కూడా ఎన్‌రోల్ కావాలా అని అడిగావు. అక్కర్లేదు, కాకూడదు కూడా. 1961 అడ్వకేట్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒకరి పేరు రెండు రాష్ట్రాల రోల్స్‌లో (లాయర్ల జాబితాల్లో) ఉండకూడదు. లాయర్లకు దేశమంతటా వాదించే హక్కిచ్చే 30వ సెక్షన్ 2011 జూన్ 15 నుంచి అమల్లో ఉంది కాబట్టి ఏ రాష్ట్రంలోనైనా వాదించవచ్చు. ప్రాక్టీస్‌కు అవసరమైన ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ మిగిలి ఉంటే ముందు అది పాసవ్వు.

కాపురమే అక్కడికి మారిస్తే 18వ సెక్షన్ కింద నీ పేరును తమిళనాడు రోల్‌కు బదిలీ చేయించుకోవడం కోసం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు అప్లై చెయ్యి.

నాకు అసలు టెన్షన్ భాష గురించే. అక్కడి కింది కోర్టుల్లో సాక్ష్యాలు, దస్తావేజులు తమిళంలో ఉంటాయి. మన చిత్తూరు వాళ్ళకు మాట్లాడటం వస్తుంది, చదవడం చాలామందికి రాదు. అది నేర్చుకునేదాకా స్థానిక లాయరుతో కలిసి వకాలత్ (క్లయింట్ తరఫున వాదించే అధికార పత్రం) వెయ్యి.