ఒక్క డ్రాయింగ్ సబ్జెక్టుతో సీజీపీఏ పోతుందా?

ప్రశ్న: నల్గొండలో ఇంటర్ ఎంపీసీ చదివాను, 970 దాటాయి. హైదరాబాద్‌లో జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో సీఎస్ఈలో చేరాను. ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ అస్సలు అంతుపట్టడం లేదు. మొదటి మిడ్‌లో సగం మార్కులు కూడా రాలేదు. క్లాసు మొత్తానికి వచ్చిన మార్కులను బట్టి గ్రేడ్లు ఇస్తారని బిట్స్‌లో చేరిన మా ఫ్రెండ్ అంటోంది. మా సెక్షన్‌లో డ్రాయింగ్ బాగా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే, కానీ అది బిట్స్ పద్ధతి. జేఎన్‌టీయూలో పక్కవాళ్లకు 95 వచ్చినా మీ గ్రేడు తగ్గదు. 2022లో చేరిన బ్యాచ్ నుంచి జేఎన్‌టీయూ అమలు చేసిన ఆర్22 నిబంధనల (రెగ్యులేషన్) ప్రకారం 90 మార్కుల నుంచి ఓ గ్రేడు, 80 నుంచి ఏ ప్లస్, 70 నుంచి ఏ, 60 నుంచి బీ ప్లస్, 50 నుంచి బీ, 40 నుంచి సీ. మీ బ్యాచ్‌కి ఏ రెగ్యులేషన్ వర్తిస్తుందో, మీ కాలేజీ అటానమసా (సొంతంగా సిలబస్, పరీక్షలు పెట్టుకునేదా) కాదా అన్నది మాత్రం ఈ వారమే కనుక్కోండి. సీనియర్ల మాట మీద ఆధారపడకండి, వాళ్ల బ్యాచ్ నిబంధనలు వేరు కావచ్చు.

ఇక సీజీపీఏ భయం. ఆర్22లో ఈ సబ్జెక్టుకు 3 క్రెడిట్లు (సగటులో ఆ సబ్జెక్టుకు ఉండే బరువు), సెమిస్టర్ మొత్తానికి 20. మీకు ఏ బదులు బీ వచ్చిందనుకుందాం. ఏకి 8 పాయింట్లు, బీకి 6. తేడా 2, దాన్ని 3 క్రెడిట్లతో హెచ్చిస్తే 6. దాన్ని 20తో భాగిస్తే సెమిస్టర్‌లో పోయేది 0.3. నాలుగేళ్ల 160 క్రెడిట్ల మీద చూస్తే 0.04 కూడా ఉండదు. దీనికా నిద్ర పాడుచేసుకోవడం?

జాగ్రత్త పడాల్సింది ఫెయిల్ గురించి. ఇంటర్నల్ 40లో 14, ఎక్స్‌టర్నల్ 60లో 21, మొత్తంలో 40 రావాలి. 14, 21 కలిపితే 35 మాత్రమే, అంటే రెండింట్లోనూ అంచున గట్టెక్కినా సబ్జెక్టు పోయినట్టే. క్యాంపస్ సెలక్షన్లకు వచ్చే చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉందా అని ముందే అడుగుతాయి. కాబట్టి ఇంటర్నల్‌ను వీలైనంత పైకి తీసుకెళ్లండి. రెండు మిడ్‌ల సగటు తీసుకుంటారు కనుక మొదటిది పోయినా రెండోది ఇంకా మీ చేతిలోనే ఉంది. షీట్లు ఏ రోజువి ఆ రోజు పూర్తి చేసి సంతకం పెట్టించుకోండి.

అర్థం కాకపోవడానికి కారణం మీ తెలివి తక్కువ కావడం కాదు. ఇంటర్‌లో ఎల్ఏక్యూలు (పెద్ద జవాబు ప్రశ్నలు) పదిసార్లు రాసి నేర్చుకున్నారు, ఇక్కడ ఆ పద్ధతి పనిచేయదు. ఇక్కడ వస్తువును ముందు మనసులో తిప్పి చూడాలి. ఒక నోట్‌బుక్‌ను ఎల్ ఆకారంలో తెరిచి టేబుల్ మీద పెట్టండి. నిలబడ్డ అట్ట వీపీ (నిలువు తలం), పడుకున్న అట్ట హెచ్‌పీ (అడ్డ తలం), రెండూ కలిసే మడత ఎక్స్‌వై గీత. ఒక రబ్బరు ముక్కను హెచ్‌పీకి 30 మిల్లీమీటర్లు పైన, వీపీకి 40 ముందు పట్టుకోండి. ఎదురుగా చూస్తే వీపీ మీద, పైనుంచి చూస్తే హెచ్‌పీ మీద అది ఎక్కడ పడుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఇప్పుడు పడుకున్న అట్టను కిందికి వాల్చండి. వీపీ మీది గుర్తు, అంటే ఫ్రంట్ వ్యూ, గీతకు 30 పైన, హెచ్‌పీ మీది గుర్తు, అంటే టాప్ వ్యూ, 40 కింద కనిపిస్తాయి. ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ అంటే ఇంతే. బిందువు పట్టుబడితే గీతలు, తలాలు, ఘనాలు అదే దారిలో వస్తాయి. ఆటోక్యాడ్ ల్యాబ్‌లోనూ ఈ ఊహే కావాలి, సాఫ్ట్‌వేర్ మీ బదులు ఊహించదు.

సోమవారం మీ మిడ్ షీట్ పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లి, మార్కులు ఎక్కడ తగ్గాయో అడగండి. ప్రొజెక్షనే తప్పా, కొలతలు వేయలేదా, లావు గీత, సన్న గీత తేడా చూపలేదా? చివరి రెండూ అయితే వారంలో సరిదిద్దుకోవచ్చు. సెక్షన్‌లో డ్రాయింగ్ బాగా వచ్చినవాళ్లున్నారని భయపడుతున్నారు కదా, వాళ్లలో ఒకరి పక్కన కూర్చుని రోజుకో షీట్ గీయండి. ఇంత చేశాక కూడా నిద్ర పట్టకపోతే ఇంట్లో చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి. అక్కడ డబ్బులు కట్టకుండానే తెలుగులో మాట్లాడవచ్చు.