మేకపిల్ల ఎటు పోయింది?

ప్రశ్న: మా అబ్బాయి ఒడియా మాధ్యమంలో ఆరో తరగతి. తెలుగు నేను ఇంట్లో నేర్పిందే, కూడబలుక్కుని చదువుతాడు. "గుహలోకి వెళ్తే 14వ పేజీ, వెనక్కి తిరిగితే 22వ పేజీ" అంటూ దారి మనల్నే ఎంచుకోమనే ఇంగ్లీషు కథల పుస్తకం ఒకటి వాళ్ల మామయ్య ఇచ్చాడు. దాన్ని వదలడం లేదు. అలాంటిది తెలుగులో రాద్దామని కూర్చున్నాను. సంతలో తప్పిపోయిన మేకపిల్లను వెతికే కథ. మూడు మలుపులకే ఎనిమిది కథలయ్యాయి, నోటుపుస్తకం అయిపోయింది. ఏం చేయను?
- ఒక తల్లి, గుణుపురం

జవాబు: అమ్మా, తప్పు మీది కాదు, లెక్కది. ప్రతిచోటా రెండేసి దారులు పెడితే మూడో మలుపుకు 8 ముగింపులు, పదో మలుపుకు 1,024. ఒక్క మేకపిల్ల కోసం అన్ని రాయడం ఎవరి తరం?

దారులను విడదీయండి, మళ్లీ కలిపేయండి, ఏటి పాయలు లంకను చుట్టి కలిసినట్టు. వాడు వంశధారలో దిగి అడ్డంగా దాటినా, వంతెన మీదుగా చుట్టు తిరిగి వచ్చినా, చీకటి పడేసరికి అదే చింతచెట్టు కిందికి చేర్చండి. కానీ నడిచిన దారి ఏదో ఒక గుర్తు మిగల్చాలి. ఏట్లో దిగినవాడి జేబులో అగ్గిపెట్టె తడిసిపోతుంది. వంతెన మీద వచ్చినవాడి అగ్గిపెట్టె పొడిగానే ఉంటుంది గానీ, అప్పటికి సంత ఎత్తేశారు, అడుగుదామంటే మనిషి లేడు. ఒకడు లాంతరు వెలిగిస్తాడు. ఇంకొకడు చీకట్లో మెడగంట చప్పుడు వింటూ వెతుక్కోవాలి. మొదటి పేజీ మూల "అగ్గిపెట్టె: తడి, పొడి" అని రాసి, ఏదో ఒకదానికి పెన్సిలుతో సున్నా చుట్టమనండి. ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 1982లో బ్రిటన్‌లో స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్ కలిసి రాసిన మాంత్రికుడి కథలో 400 ఘట్టాలున్నాయి. పాచికలు వేస్తూ, ఒంట్లో సత్తువ ఎంత మిగిలిందో పెన్సిలుతో రాసుకుంటూ చదవాలి.

నోటుపుస్తకం మానేయండి. నేను పర్లాకిమిడిలో మా మనవరాలి కోసం రాసినప్పుడు పాత శుభలేఖల వెనుక ఒక్కో ఘట్టం రాసి నేలమీద పరిచాను. ఎవరో వచ్చి ఫ్యాను వేశారు. ఎనిమిదో కార్డు "తొమ్మిదికి వెళ్లు" అంటోంది, తొమ్మిది బీరువా కింద ఉంది! అప్పటినుంచి కార్డుల మీద రాయి పెడుతున్నాను. అయితే ఆ గాలి ఒక మేలు చేసింది. అంకెలు వరసగా ఉంటే పిల్ల పక్క కార్డు తొంగిచూసి దారి ఎంచుకునేది. కలగాపులగమయ్యాక ఆ పప్పులు ఉడకలేదు.

కథను "నువ్వు" అని నడపండి. "వెళ్లాడు" అంటే మగపిల్లవాడే. "వెళ్లావు" అన్నప్పుడు ఆడా మగా అన్నది క్రియకు పట్టదు, పక్కింటి అమ్మాయి చదివినా కథ తనదే అవుతుంది. "మీరు" వద్దు, బడిలో తనిఖీ అధికారి మాట్లాడినట్టుంటుంది. సంతలో గాజులమ్మే ఆమె ఒడియాలో మాట్లాడితే తెలుగు లిపిలోనే రాసేయండి, మీవాడికి అర్థం చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్ ఉంటే ట్వైన్ అనే ఉచిత సాధనం చూడండి, 2009లో క్రిస్ క్లిమాస్ తయారుచేశాడు. శుభలేఖల పనే అది తెరమీద చేస్తుంది. గళ్లు, వాటి మధ్య బాణాలు. తెలుగు అక్షరాలు చక్కగా వస్తాయి, అగ్గిపెట్టె తడిసిన సంగతి అదే గుర్తుపెట్టుకుంటుంది. కథంతా ఒక్క ఫైలుగా వస్తుంది, బ్రౌజరులో తెరిచి చదువుకోవచ్చు. నాకు మాత్రం శుభలేఖలే ఇష్టం.

ముగింపులు ఐదారు చాలు. ఒకదానిలో మేకపిల్ల దొరకనివ్వకండి. ఏడుస్తాడేమో, ఏడవనివ్వండి, మళ్లీ మొదటి కార్డుకే వస్తాడు. ఈ తరహా పుస్తకాలకు పేరు తెచ్చిన అమెరికా న్యాయవాది ఎడ్వర్డ్ ప్యాకర్డ్ కూడా రాత్రి పడుకునేముందు కూతుళ్లకు కథ చెబుతూ, ఇక తోచక, "ఇప్పుడు ఏం చేస్తాడంటారు?" అని వాళ్లనే అడిగాడు. ఒకరొకటి, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. ఆ కథ పుస్తకమై అచ్చయ్యేసరికి 1976 వచ్చింది. మీకు ఎక్కడైనా తోచకపోతే ఆ కార్డు ఖాళీగా ఉంచి మీవాడి ముందు పెట్టండి. మేకపిల్లకు మీరింకా పేరు పెట్టినట్టు లేదు, అక్కడినుంచి మొదలుపెట్టమనండి.