వంతెన మీద గాలికి బండి పక్కకి లాగేస్తుంటే

యానాం–ఎదుర్లంక వంతెన మీద హ్యాండిల్ ఎంత గట్టిగా పట్టుకున్నా బండి పక్కకి పోతోందన్నారు కదండీ, ఆ గట్టి పట్టుతోనే అసలు తంటా. గాలికి ఒళ్లు ఊగితే, బిగిసిన చేతుల మీదుగా ఆ ఊపంతా హ్యాండిల్‌కి దిగుతుంది. మోకాళ్లతో ట్యాంకు నొక్కిపట్టి, మోచేతులు వదులు చేయండి. మూడో గేరు, 40 లోపు స్పీడు చాలు. గాలి కుడి నుంచి కొడితే కుడి గ్రిప్పుని మెల్లగా ముందుకు నెట్టండి. బండి గాలివైపు వాలి తిన్నగా పోతుంది.

ఎదురొచ్చే లారీతోనే అసలు చిక్కు. అది గాలికి అడ్డొచ్చిన క్షణం, వాలి ఉన్న బండి లారీవైపే జరుగుతుంది. దాటగానే గాలి రెయిలింగు వైపు తోస్తుంది. రెండు పక్కలా జాగా ఉంచుకోండి. రెపరెపలాడే రెయిన్‌కోటైతే వద్దే వద్దు.

గాలి లేనిరోజు కూడా లాగుతుంటే మెకానిక్‌కి కోన్‌సెట్టు (హ్యాండిల్ తిరిగే చోటుండే బేరింగులు), టైర్లలో గాలి చూపించండి.